పాత చెక్క మెట్లకు పాలిష్: కౌంటరు మీది అయిదు డబ్బాల్లో ఏది కొనాలి, ఏది వదిలేయాలి

తిరుపతి పాత వీధుల్లోనూ చిత్తూరు బజారు వైపూ మిగిలిన మిద్దె ఇళ్లు కొన్నింట్లో పైగదికి ఎక్కాలంటే ఇప్పటికీ చెక్క మెట్లే దిక్కు. కాలు పెట్టే పలక టేకు, నిలువు పలక మామిడి, పక్క దూలం వేగి అయిన కలగాపులగం మెట్లూ తక్కువేం కాదు. నడిచిన చోట పలక మధ్యలో పల్లం పడి, ముందంచు గుండ్రంగా అరిగి ఉంటుంది. పక్కల్లో మాత్రం పాత లక్క పాలిష్, దాని మీద వార్నిష్, ఆ మీద ఏదో పెళ్లికి హడావిడిగా కొట్టించిన చాక్లెట్ రంగు ఎనామెల్ పొరలు పొరలుగా కూర్చుని ఉంటాయి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగే మెట్లకు ఈ బాధ లేదు, అవి సిమెంటువి. చెక్క మెట్లున్న వాళ్లు షాపుకెళ్లి "మెట్లకు పాలిష్ కావాలి" అంటే కౌంటరు మీదికి అయిదు రకాలు వస్తాయి: లక్క పాలిష్, సింగిల్ ప్యాక్ పీయూ (డబ్బా తెరిచి నేరుగా పూసే పాలీయురెథేన్), మెలమైన్, టూ ప్యాక్ పీయూ (హార్డెనర్ అంటే గట్టిపరిచే ద్రవం వేరుగా కలపాల్సిన పాలీయురెథేన్), మామూలు ఎనామెల్. ఈ సమీక్ష ఆ అయిదింటి గురించే, అదీ మెట్ల లెక్కలోనే. తలుపుకో అల్మరాకో అయితే తీర్పు వేరుగా ఉంటుంది.

తీర్పు ముందే చెప్పుకుందాం. ఖర్చు చేతిలో ఉండాలంటే కాలు పెట్టే పలకలకు సింగిల్ ప్యాక్ పీయూ మూడు పూతలు, నిలువు పలకలకు ఇంట్లో మిగిలిన ఎనామెల్, రెయిలింగ్‌కు లక్క గానీ అదే పీయూ గానీ. మెలమైన్ మెట్లకు వద్దు. టూ ప్యాక్ మంచి సరుకే, కానీ దాన్ని కలపడం తెలిసిన చెయ్యి ఉంటేనే. ఇక అసలు సంగతి, అయిదింటిలో ఏది కొన్నా పాత పొర సరిగా తియ్యకుండా పూస్తే ఆరు నెలల్లో పొక్కులుగా లేస్తుంది. అందుకని డబ్బాల దగ్గరికి వెళ్లే ముందు ఉప్పు కాగితం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి.

కొలత తీసుకోకుండా డబ్బా కొనొద్దు

మూడడుగుల వెడల్పు, తొమ్మిది అంగుళాల పలక, ఎనిమిది అంగుళాల ఎత్తు, పదమూడు పలకలు, పద్నాలుగు నిలువు పలకలు ఉన్న మెట్లను తీసుకుందాం. ఒక్కో పలక ముందంచుతో కలిపి సుమారు రెండున్నర చదరపు అడుగులు, మొత్తం ముప్పై రెండు, ముప్పై మూడు. నిలువు పలకలు ఇరవై ఎనిమిది. పక్క దూలాలు, రెయిలింగ్ కలిపి ముప్పై అయిదు దాకా. అన్నీ కలిపినా వంద చదరపు అడుగులు దాటవు. సాపు చేసిన పాత చెక్క మీద లీటరు పీయూ ఒక పూతకు దాదాపు వంద చదరపు అడుగులకు వస్తుంది. పలకలకు మూడు పూతలు, మిగతావాటికి రెండు పూతలు అనుకుంటే రెండుంబావు లీటర్లు, బ్రష్షులో పోయేదాంతో కలిపి రెండున్నర. నాలుగు లీటర్ల డబ్బా చౌక పడుతుందని అంటగడతారు. మిగిలిన లీటరున్నర వచ్చే ఏడాదికి పైన మీగడ కట్టి ఉంటుంది, అప్పుడు ఆ చౌక ఎక్కడికి పోయిందో వెతుక్కోవాలి. నిలువు పలకలకు ఎనామెల్ వేసేట్టయితే పీయూ రెండు లీటర్లు చాలు. మెట్ల అడుగు భాగం కింద నుంచి కనబడే ఇళ్లలో దాన్ని వేరుగా కొలుచుకోవాలి.

ఉప్పు కాగితం లెక్క కూడా ఇదే కొలతకు: 80 నంబరు పన్నెండు షీట్లు, 120 నంబరు ఎనిమిది, 180 నంబరు ఆరు, పూతకూ పూతకూ మధ్య రుద్దడానికి 320 నంబరు వాటర్ పేపర్ నాలుగు. వీటి దగ్గర పొదుపు చేస్తే అది మెట్ల మీదే కనిపిస్తుంది. మొద్దుబారిన కాగితం చెక్కను కొయ్యదు, రుద్ది మెరుపు తెస్తుంది. ఆ మెరుపు మీద పూత పట్టదు.

కింద ఏ పూత ఉందో కనుక్కోవడం

దూది ముక్కను పాలిష్ స్పిరిట్‌లో ముంచి, మెట్టు మూలలో కనపడని చోట ఒక నిమిషం అదిమి పట్టండి. పూత మెత్తబడి దూదికి గోధుమ రంగు అంటితే అది లక్క. స్పిరిట్‌కు లొంగక ఎన్‌సీ థిన్నర్‌కు (నైట్రోసెల్యులోజ్ పూతలను పల్చన చేసే ద్రావకం) కరిగితే లాకర్ పాలిష్. థిన్నర్‌కు ముడతలు పడి పైకి లేస్తే ఎనామెల్ లేదా పాత నూనె వార్నిష్. దేనికీ చలించకపోతే పీయూ. లక్క అయితే అదృష్టం. స్పిరిట్, పాత గుడ్డ, కొంచెం ఓపిక ఉంటే చాలు, రెండు రోజుల్లో మెట్లన్నీ శుభ్రమవుతాయి.

ఎనామెల్ అయితే ఇంకో సంగతి చూసుకోవాలి. ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకు ముందటి ఎనామెల్లో, ముఖ్యంగా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో సీసం ఉండే అవకాశం బాగా ఎక్కువ. అలాంటి పొరను మిషన్‌తో పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఇల్లంతా తిరిగి చివరికి నేల మీద పాకే పిల్లల చేతికి చేరుతుంది. అందుకని ఇక్కడ సాండర్ పక్కన పెట్టి పెయింట్ రిమూవర్ వాడాలి. తలుపులు, కిటికీలు తెరిచి, రబ్బరు చేతొడుగులతో, వంటింటి పొయ్యీ దేవుడి గదిలో దీపమూ ఆర్పేసి మొదలుపెట్టాలి.

రిమూవర్ విషయంలో అందరూ చేసే తప్పు దాన్ని పెయింట్‌లాగా అటూ ఇటూ లాగి పల్చగా పూయడం. ఒకే వైపుకు, మందంగా, ఒక్కసారి పెట్టి వదిలేయాలి. మళ్లీ బ్రష్ ఆడిస్తే పైన కట్టిన పొర పగిలి లోపలి ద్రావకం ఆవిరైపోతుంది. మన ఎండాకాలంలో అది అయిదు నిమిషాల్లోనే ఎండుతుంది కాబట్టి పైన పల్చటి పాలిథీన్ కవరు పరిచి పదిహేను నిమిషాలు ఉంచితే పని బాగా జరుగుతుంది. తర్వాత లప్పం పట్టీతో చెక్క నార వెంట గోకాలి, అడ్డంగా గోకితే గాట్లు పడతాయి. లీటరు రిమూవర్ ఒకసారికి ముప్పై, నలభై చదరపు అడుగులకు వస్తుంది, మూడు పొరల ఎనామెల్ ఉంటే రెండుసార్లు పెట్టక తప్పదు. గోకాక థిన్నర్ గుడ్డతో రెండుసార్లు తుడవడం మరవొద్దు. చాలా రిమూవర్లలో మైనం ఉంటుంది. అది చెక్క మీద మిగిలితే కొత్త పూత చేప కళ్లలాగా గుంటలు పడుతుంది, అప్పుడు తిట్లు పడేది కొత్త డబ్బా కంపెనీకి.

కాస్టిక్ సోడా నీళ్లతో కడిగితే చౌక కదా అనేవాళ్లున్నారు. పెయింట్ ఊడుతుంది, నిజమే. టేకు నల్లబడుతుంది, నార లేచి పేళ్లు పైకి వస్తాయి, సందుల్లో మిగిలిన సోడా కొత్త పూతను లోపలి నుంచి తింటుంది. ఆ మిగిలిన డబ్బు మళ్లీ ఉప్పు కాగితానికే పోతుంది.

పూతకు ముందు చెక్క సంగతి

స్క్రూడ్రైవర్ తీసుకుని ప్రతి పలక అడుగున, దూలం గోడలోకి దిగిన చోట పొడిచి చూడాలి. మట్టి సొరంగాలు కనిపిస్తే చెదలు. సన్నటి గుండ్రటి రంధ్రాలు, కింద పిండిలాంటి పొడి రాలి ఉంటే పుచ్చు పురుగు. ఈ రెంటికీ మందు ఒకటే అనుకోకూడదు. చెదలు నేలలోంచో గోడలోంచో వస్తాయి కాబట్టి గోడ మొదట్లో, నేలలో మందు వెయ్యాలి. ఇమిడాక్లోప్రిడ్ 30.5 ఎస్‌సీ (నీళ్లలో కలిపే చెదల మందు) అయితే లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్లు. పుచ్చు పురుగు చెక్కలోనే కాపురం ఉంటుంది కాబట్టి చెక్కకు పూసే మందు కావాలి. పిడిలైట్ వాళ్ల టెర్మినేటర్ లాంటివి నేరుగా బ్రష్‌తో పూసేవి దొరుకుతాయి. సాపు చేసిన తర్వాత, పాలిష్‌కు ముందు రెండు పూతలు పూసి, రంధ్రాల్లోకి సిరంజితో ఎక్కించి, రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. పీయూ వేశాక పైన మందు పూస్తే అది చెక్కలోకి దిగదు. ఉలి మొన అంగుళం లోతు సులువుగా దిగిపోయే పలక అయితే మందూ వద్దు, పాలిషూ వద్దు, పలకే మార్చాలి.

పలక మార్చాల్సి వస్తే కొత్త టేకు కన్నా కూల్చిన ఇళ్ల నుంచి వచ్చిన పాత టేకు మేలు. ఏళ్ల తరబడి ఆరి ఉంటుంది కాబట్టి ఒంకర పోదు, రంగు కూడా పక్క పలకలతో కలిసిపోతుంది. కొనేముందు అయస్కాంతం ఆడించి మేకులు వెతకండి, లేకపోతే చిత్రిక బ్లేడు పోతుంది. ఇంకో మాట, మన ప్రాంతం కాబట్టి చెప్పక తప్పదు. ఎవరైనా బాగా ఎర్రగా ఉన్న పాత చెక్కను కాగితాలు లేకుండా చౌకగా ఇస్తామంటే దండం పెట్టి వచ్చేయండి. ఎర్రచందనం కేసులో ఇరుక్కోవడం కన్నా కిరకిరలాడే మెట్టే నయం.

పైసా ఖర్చు లేని మరమ్మతు ఒకటుంది. పలక పక్క దూలంలో గాడి తీసి దించినది కాకుండా, పైన పెట్టి మేకులు కొట్టినదైతే దాన్ని జాగ్రత్తగా లేపి తిరగేయొచ్చు. కింది ముఖం అరగకుండా ఉంటుంది. వెనకంచు ముందుకు వచ్చేలా తిప్పితే పదునైన కొత్త అంచు కూడా దొరుకుతుంది. చిత్రిక పట్టాల్సిన శ్రమ ఉంటుంది గానీ పదమూడు పలకల్లో బాగా అరిగిన నాలుగయిదింటికి ఇలా చేస్తే కొత్త చెక్క కొనే పనే ఉండదు.

కిరకిర చప్పుడు మేకులు వదులవడం వల్లే వస్తుంది. అదే మేకును మళ్లీ సుత్తితో కొడితే వారం రోజులు ఊరుకుంటుంది, అంతే. మేకు పక్కన మూడు మిల్లీమీటర్ల డ్రిల్‌తో రంధ్రం చేసి, రెండంగుళాల 8 నంబరు స్క్రూ బిగించాలి. రంధ్రం చెయ్యకుండా స్క్రూ దించితే ఎండిన టేకు అంచు నిలువునా చీలుతుంది. కింద నుంచి అందే మెట్లయితే పలకకూ నిలువు పలకకూ మధ్య మూలలో రెండంగుళాల చెక్క ముక్కలు ఫెవికాల్‌తో అంటించి స్క్రూ వెయ్యడం ఇంకా గట్టిది. పూత వేశాక ఈ పని పెట్టుకోవద్దు, కదిలే పలక మీద ఏ పూతైనా కీలు దగ్గర పగులుతుంది.

రంధ్రాలకు, నెర్రెలకు వడ్రంగులు మామూలుగా వాడేది రంపపు పొట్టు, ఫెవికాల్ ముద్ద. గట్టిగానే ఉంటుంది. కానీ జిగురు ఎండిన చోట చెక్క రంగు పీల్చదు, పాలిష్ వేశాక అక్కడ లేత మచ్చ మిగిలిపోతుంది. పొట్టును లక్కతో గానీ, పూయబోయే పీయూతోనే గానీ కలిపి నింపితే మచ్చ చాలావరకు తగ్గుతుంది. ఎం-సీల్ అడుగున, కనపడని చోట మాత్రమే. ఎనామెల్ వేసే నిలువు పలకలకైతే ఏ లప్పమైనా సరే.

రుద్దడం 80తో మొదలుపెట్టి 120, ఆ తర్వాత 180తో ఆపేయాలి. ఇంకా నున్నగా ఉండాలని 320 దాకా పోతే మొదటి పూతకు పట్టు దొరకదు. మధ్యలో ఒక మెట్టు దాటేసి 80 నుంచి నేరుగా 180కి వెళ్తే 80 గీతలు అలాగే ఉండి, పూత తడికి పొద్దున్నే కనిపిస్తాయి. మూలల్లో సాండర్ తిరగదు, చెక్క ముక్కకు కాగితం చుట్టి చేత్తోనే రుద్దాలి. పలక మధ్య పల్లాన్ని పూర్తిగా చదును చెయ్యాలనే పట్టుదల వద్దు. అంత చెక్క తీసేస్తే పలక పలచబడుతుంది, ఎక్కేవాళ్ల కాలికి ఆ పల్లం ఎప్పుడో అలవాటైపోయింది.

ఇప్పుడు డబ్బాలు

లక్క పాలిష్. లీటరు స్పిరిట్‌లో 150 గ్రాముల చపడా లక్క రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టి, దూది గుడ్డతో పూసే పాత పద్ధతి. అందం విషయంలో దీనికి సాటి లేదు, పాత టేకు లోపల దీపం వెలిగించినట్టు ఉంటుంది. చెడిన చోట మళ్లీ అక్కడే పూసుకోవచ్చు, ఇది ఏ పీయూకూ లేని సుఖం. కానీ నీటి చుక్క పడితే తెల్లమచ్చ, వేడి గిన్నె పెడితే తెల్లమచ్చ, చెప్పుల కింద ఇసుకకు ఆరు నెలలు కూడా నిలవదు. రెయిలింగ్‌కు వెయ్యండి, చెయ్యి రాసుకున్న కొద్దీ ఇంకా బాగుంటుంది. పలకలకు వద్దు. వాన తేమలో పూస్తే పూతే పాలరంగు తిరుగుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

మెలమైన్. అల్మరాల మీద చూసి ముచ్చటపడి మెట్లకూ వేయించుకునేవాళ్లున్నారు. ఇది గట్టిదే, గాజులాగా గట్టిది, చిక్కల్లా అదే. మెట్టు పలక కాలు పడ్డప్పుడల్లా వెంట్రుకవాసి వంగుతుంది. మెలమైన్ వంగదు, సన్నగా పగులుతుంది. ఆ పగుళ్లలో మురికి చేరి నల్ల గీతలవుతాయి. పైగా సరిగా రావాలంటే స్ప్రే కావాలి, ఫార్మాల్డిహైడ్ ఘాటు కళ్లు మండిస్తుంది, తేమకు తెల్లబడుతుంది. ఇన్ని బాధలు పడి ఇరుకు మెట్ల దారిలో దీన్ని కొట్టించుకోవడంలో అర్థం లేదు.

టూ ప్యాక్ పీయూ. అరుగుదలకు అయిదింటిలో ఇదే మొదటిది, ఒప్పుకోవాలి. పూత, హార్డెనర్, థిన్నర్ మూడూ కలిపి లెక్కేస్తే సింగిల్ ప్యాక్ కన్నా ఖర్చు దాదాపు రెట్టింపు అవుతుంది. డబ్బా మీద రాసిన పాళ్లను కొలగిన్నెతో కొలవాలి, కంటి అంచనాకు వదిలితే హార్డెనర్ తక్కువైన చోట పూత ఎప్పటికీ జిగటగానే ఉంటుంది. కలిపిన సరుకు కొద్ది గంటల్లో వాడాలి, మిగిలింది గట్టిపడి డబ్బాతో సహా పారేయాల్సిందే. కాబట్టి ఒకేసారి అంతా కలపకుండా అయిదారు మెట్లకు సరిపడా కలుపుకోవాలి. హార్డెనర్ తేమతో కలిస్తే వాయువు పుట్టి పూత నిండా బుడగలు వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల వానల్లో మన వైపు దీన్ని తెరవకపోవడమే మంచిది. అన్నిటికన్నా ముఖ్యం, దీన్ని స్ప్రే చేస్తే గాలిలో తేలే ఐసోసైనేట్‌ను (హార్డెనర్‌లోని హానికరమైన రసాయనం) మామూలు గుడ్డ మాస్కు ఆపదు. బ్రష్‌తో అయితే కొంత నయం, అప్పుడు కూడా కార్ట్‌రిడ్జ్ మాస్కు ఉండాలి. అద్దెకు ఇచ్చే ఇల్లు, హాస్టలు, రోజుకు వంద కాళ్లు ఎక్కే మెట్లు అయితే ఈ ఖర్చు దండగ కాదు. నలుగురున్న ఇంటికి అవసరం లేదు.

సింగిల్ ప్యాక్ పీయూ. షాపుల్లో "టచ్‌వుడ్ లాంటిది ఇవ్వండి" అంటే ఇచ్చేది ఈ జాతి. డబ్బా తెరిచి, కర్రతో కలిపి, నేరుగా పూసుకోవచ్చు. గాలిలోని ఆక్సిజన్‌తో గట్టిపడుతుంది, అందుకే ఆరడం నెమ్మది, అందుకే బ్రష్ గీతలు సర్దుకునే సమయమూ దొరుకుతుంది. కొత్తగా బ్రష్ పట్టినవాళ్లకు కూడా ఇది దయగా ఉంటుంది. కొద్దిగా పసుపు తిరగడం దీని స్వభావం, పాత టేకు మీద అది తేనె రంగులా కలిసిపోతుంది. కాబట్టి దోషంగా లెక్కపెట్టనక్కర్లేదు. గ్లాస్, మ్యాట్ రెండు రకాల్లో మెట్లకు మ్యాటే కొనాలి. గ్లాస్ మీద తడి కాలు జారుతుంది, ప్రతి గీతా కనబడుతుంది. మ్యాట్ డబ్బాలో మెరుపు తగ్గించే పొడి అడుగున చేరుతుంది కాబట్టి పూసేంతసేపూ మధ్యమధ్యలో కలుపుతూ ఉండాలి. కలపకపోతే మొదటి మెట్లు మెరుస్తూ, చివరి మెట్లు బూడిద రాసినట్టు వస్తాయి.

రోజ్‌వుడ్, వాల్‌నట్ రంగు కలిపిన వార్నిష్ డబ్బాలు కూడా ఉంటాయి, తెలుపు, పసుపు పలకలను ఒకే రంగులోకి తెస్తాయని అమ్ముతారు. వాటిలో రంగు చెక్కలో కాకుండా పై పొరలో ఉంటుంది. నడిచే దారి అరిగిన కొద్దీ మధ్యలో తెల్ల బాట పడుతుంది. మార్చిన పలక ఒక్కటి లేతగా ఉంటే దానికి మాత్రం వుడ్ స్టెయిన్ పల్చగా రాసి, ఆరాక అన్నిటితో పాటు రంగులేని పీయూ పూయడం సరైన దారి. అసలు రంగు అవసరమా అని తేల్చుకోవాలంటే రుద్దిన పలకను టర్పెంటైన్ గుడ్డతో తుడవండి. తడిగా కనబడే ఆ రంగే పీయూ వేశాక వచ్చేది. పాత టేకుకు చాలాసార్లు స్టెయిన్ డబ్బా ఖర్చు అక్కడే మిగిలిపోతుంది.

ఎనామెల్ గురించి రెండు మాటలు చాలు. నిలువు పలకలకు మీగడ రంగు వేస్తే చీకటి మెట్ల దారిలో మెట్టు ఎక్కడ మొదలవుతుందో పెద్దవాళ్లకు తెలుస్తుంది. పలకలకు వేస్తే ఏడాదిలో అంచుల దగ్గర పెచ్చులు లేస్తుంది.

పూయడం

సింగిల్ ప్యాక్‌ను పల్చన చెయ్యడానికి మినరల్ టర్పెంటైన్ మాత్రమే వాడాలి. షాపులో అలవాటుగా ఎన్‌సీ థిన్నర్ సీసా చేతిలో పెడతారు, అది కలిస్తే పూత పెరుగులా విరుగుతుంది. మొదటి పూతకు నూటికి పదిహేను పాళ్లు టర్పెంటైన్ కలపాలి, అది చెక్కలోకి దిగి పట్టు ఇస్తుంది. రెండో పూతకు అయిదు పాళ్లు, మూడోదానికి ఏమీ వద్దు. టేకులో సహజంగా నూనె ఉంటుంది, అది పైకి వస్తే పూత ఆరదు. పూయడానికి పది నిమిషాల ముందు థిన్నర్ గుడ్డతో తుడిచి, తడి ఆరగానే బ్రష్ పెట్టాలి. ముందు రోజు తుడిస్తే లాభం లేదు.

తిరుపతి ఎండల్లో మధ్యాహ్నం పూస్తే పై పొర వెంటనే ఎండి లోపలిది పచ్చిగా ఉంటుంది, పక్క మెట్టు పూసేలోపు అంచులు కలవవు. పొద్దున ఏడు నుంచి పది మధ్య మంచి వేళ. ఫ్యాను ఆపాలి, గాలి కోసం కిటికీ చాలు. సంక్రాంతికి ఇంటికి వెల్ల వేసే ఊపులో మెట్ల పని కూడా పెట్టుకుంటారు గానీ డిసెంబరు తేమ ఇంకా వదలని చోట పూతకు పూతకు మధ్య 24 గంటలు చాలవు, 36 ఇవ్వాలి. మాఘం, ఫాల్గుణం అయితే ఏ చిక్కూ లేదు. గోటితో గీసి చూస్తే గీత పడకుండా, 320 వాటర్ పేపర్ పొడిగా రుద్దితే తెల్లటి పొడి రాలితేనే తర్వాతి పూత. కాగితానికి జిగటగా అంటుకుంటే ఇంకా ఆగాలి.

మెట్లు వాడుకుంటూనే పని చెయ్యాలంటే బేసి మెట్లు ఒక రోజు, సరి మెట్లు మరుసటి రోజు అని చెబుతుంటారు. ఎనిమిది అంగుళాల ఎత్తున్న మెట్లలో ఒకటి వదిలి ఎక్కడమంటే అడుగుకు పదహారు అంగుళాలు, పెద్దవాళ్లున్న ఇంట్లో అది ఆసుపత్రి ఖర్చు. పైన పడుకునేవాళ్లను మూడు రాత్రులు కింద పడుకోమని చెప్పి అన్నీ ఒకేసారి, పై మెట్టు నుంచి కిందికి పూసుకుంటూ రావడమే సులువు. పైనుంచి మొదలుపెట్టాలని ఇంకా చెప్పాలా అంటారేమో, కింద నుంచి మొదలుపెట్టి పైగదిలో చిక్కుకుపోయే పెయింటర్లు ఉన్నారు.

టర్పెంటైన్, నూనె పూతలు తుడిచిన గుడ్డలను ఉండలా చుట్టి మెట్ల కింద మూలలో పడేయొద్దు. నూనె పూత ఆరుతూ వేడెక్కి గుడ్డలు వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది. నీళ్ల బకెట్‌లో ముంచి, బయట పరిచి ఆరేశాకే పారేయాలి. అవిసె నూనె వాడినవాటి విషయంలో ఇది మరీ ముఖ్యం.

చివరి పూత తర్వాత ఒక రోజుకు ఉత్త కాళ్లతో ఎక్కొచ్చు. చెప్పులు నాలుగు రోజుల తర్వాత, బియ్యం మూటలు, సిలిండర్లు వారం తర్వాత. మెట్టు మీద పట్టాలు, కార్పెట్ ముక్కలు మూడు వారాలు ఆగాలి, తొందరపడితే రబ్బరు అడుగు అచ్చు అలాగే పడిపోతుంది. జారకుండా అతికించే టేపు కూడా వారం తర్వాతే అతికించాలి, లేకపోతే టేపుతో పాటు పూత లేస్తుంది. ఆ టేపులో కూడా ముతక రకం కొనకండి. ఉత్త కాళ్లతో తిరిగే ఇళ్లు మనవి, అరికాళ్లు గీరుకుపోతాయి. టేపు ఇష్టం లేకపోతే రెండో పూత తడిగా ఉన్నప్పుడు ముందంచు నుంచి రెండంగుళాల పట్టీలో జల్లించిన సన్నటి ఇసుక చల్లి, ఆరాక ఊడినది ఊడ్చేసి, పైన మూడో పూత వెయ్యొచ్చు. ఖర్చు లేదు, ఏళ్లు నిలుస్తుంది.

మేస్త్రీకి ఇచ్చేట్టయితే

చదరపు అడుగు రేటుకు మొత్తం పని ఒప్పుకునే చోట నష్టపోయేది మెట్లే. వంద అడుగుల లెక్కకు పూత పని ఒక వంతు, గోకుడు, రుద్దుడు మూడు వంతులు. అడుగు లెక్కన తీసుకున్నవాళ్లు సహజంగానే ఆ మూడు వంతులను కుదిస్తారు. పాత పొర తీయడం, రుద్దడం రోజు కూలికి, పూత మాత్రం అడుగు లెక్కకు మాట్లాడుకుంటే గొడవ తక్కువ. సరుకు మనమే కొని ఇవ్వాలి, సీలు మన ఎదుట తియ్యాలి. మొదటి పూత రోజు టర్పెంటైన్ ఎంత కలుపుతున్నారో నిలబడి చూడాలి, ఎక్కువ పల్చన చేస్తే బ్రష్ తేలిగ్గా జారుతుంది, మూడు పూతలు వేసినా మందం రెండు పూతలది ఉంటుంది. డబ్బు చివరి వాయిదాను చివరి పూత ఆరిన మూడో రోజుకు పెట్టుకోండి. జిగట, బుడగలు, చేప కళ్లు ఏవున్నా అప్పటికి బయటపడతాయి.

మెట్లను బకెట్ నీళ్లతో కడగడం మానేసి పిండిన గుడ్డతో తుడవాలి, కింద మెట్టు ముందు ఒక పట్టా వేసి చెప్పుల ఇసుక అక్కడే రాలనివ్వాలి. రెండు మూడేళ్లకు పలకల మధ్యలో మెరుపు మాసినట్టు కనబడగానే, చెక్క బయటపడకముందే, 220 కాగితంతో తేలిగ్గా రుద్ది ఒక్క పూత వేస్తే సరిపోతుంది. పలకలకు మాత్రమే అయితే అర లీటరులోపే. చెక్క బూడిద రంగు తిరిగేదాకా ఆగితే మళ్లీ 80 నంబరు కాగితంతో మొదలు. ఆ అర లీటరు మొదటి డబ్బా నుంచే మిగుల్చుకోవాలనుకుంటే పెద్ద డబ్బాలో అడుగున ఉంచకుండా, మెడ దాకా నిండే చిన్న గాజు సీసాలో పోసి మూత బిగించి, మీద తేదీ రాసి చీకటి గూట్లో పెట్టండి. సీసాలో గాలి లేకపోతే మీగడ కట్టదు.